ఆరువందల కొవ్వొత్తులు, రెండు ముక్కులు

మా అత్తగారు సుబ్బరావమ్మకి యాభై ఎనిమిదో ఏట కొవ్వొత్తుల పిచ్చి పట్టింది. మండలాఫీసులో డ్వాక్రా ఆడవాళ్ళకి మూడు రోజుల శిక్షణ పెట్టారు. మా ఊరి నుంచి పద్దెనిమిది మంది వెళ్ళారు. పదిహేడు మంది తిరిగొచ్చి మధ్యాహ్నం పెట్టిన పులిహోర బాగుందన్నారు. మా అత్తయ్య మాత్రం కుడిచేతి మూడు వేళ్ళకీ బొబ్బలతో, కొంగులో చుట్టుకొచ్చిన వంకర కొవ్వొత్తితో దిగింది. ఆటో ఇంకా ఆగలేదు, కేక మొదలైంది.

"బిందూ! రా, రా, బయటికి రా! ఇది నేనే పోశా!"

వాకిట్లో పెట్టి వెలిగించింది. నాలుగు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా చూసింది. ఆరిపోయినందుకు దిగులేమీ లేదు. "ఎందుకారిందో పట్టుకోవాలి" అంది, దొంగ పేరు సగం తెలిసిన పోలీసులాగా.

ఆవిడ పోయి పది నెలలవుతోంది. ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నాను. కొన్ని ముందువెనకలు కావచ్చు. ఆ నవంబరు రెండో తారీఖు మాత్రం గంటగంటకీ గుర్తుంది. అది చెప్పాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి.

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. ఆరెకరాల మిరప, నాలుగెకరాల పత్తి. నేను పొన్నూరు పిల్లని. వరి తప్ప మరో పంట వాసన తెలియకుండా పెరిగాను. కాపురానికొచ్చిన మొదటి ఏడు కల్లంలో మిరపకాయ ఆరబోసినప్పుడు వారం రోజులు తుమ్ములూ దగ్గులూ. మా ఆయన కోటేష్ పక్కనే కూర్చుని ఎర్రటి కుప్ప మీద చేతులు పెట్టి అన్నం తిన్నంత తీరిగ్గా తొడిమలు తుంచేవాడు. మా అత్తయ్య అయితే కాయ పోసిన టార్పాలిన్ పట్ట మీదే కొంగు పరుచుకుని కునుకు తీసేది. "నీ ముక్కుకి ఇంకా మన ఊరు పట్టలా" అని నవ్వేది.

దొడ్లో పాత పొగాకు బ్యారన్ ఉంది. మామగారి రోజుల్లో ఆకు కాల్చిన ఇటుక గది అది. పొగాకు మానేశాక ఖాళీగా పడి ఉంది. ఎత్తు గోడలు, రేకుల కప్పు. దాన్ని అత్తయ్య ఊడ్చి, సున్నం కొట్టించి, గ్యాసు పొయ్యి పెట్టించుకుంది. వెడల్పు గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో మైనం గిన్నె. అచ్చులకి బోరు పైపు ముక్కలు. వత్తులకి చీరాల వెళ్ళి నేతవాళ్ళ దగ్గర నూలు తెచ్చేది. వత్తి లావైతే మసి, సన్నమైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. మరిగే మైనం పోస్తే నడిమిన గుంట పడుతుంది. పైన పలచగా పొర కట్టేదాకా ఆగి పోయాలి. నూలుని ఉప్పూ వెలిగారం కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడితే వత్తి శుభ్రంగా కాలుతుంది. ఈ చివరిది యూట్యూబులో ఒక తమిళ అమ్మాయిని చూసి నేర్చుకుంది. ఆ పిల్ల మాట ఒక్క ముక్క అర్థం కాదు. "మాటెందుకే, చేతులు చూడు" అని ఫోను ముక్కుకి ఆనించుకుని చూసేది.

కిరాణా కొట్లకి, పుట్టినరోజులకి, కరెంటు కోతలకి చిన్నా చితకా అమ్మకం సాగుతోంది. అలాంటప్పుడు అక్టోబరులో ఏసోబు మాస్టారు వచ్చారు. ఊరి బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ సాయంత్రం క్రైస్తవులందరూ తమ వాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు.

"సుబ్బరావమ్మ గారూ, మా స్మశానం వాగు గట్టు మీద. అక్కడి గాలి మీకు తెలుసుగా. ఏటేటా ప్రార్థన సగం, అగ్గిపుల్లలు గీసుకోవడం సగం" అన్నారు. "ఆరకుండా గంటన్నర నిలబడేవి ఆరువందలు కావాలి. అవి నిలబడితే క్రిస్మస్‌కీ, ఏడాది పొడుగునా బలిపీఠం మీదకీ మీ దగ్గరే."

"గంటన్నర కాదు మాస్టారూ, రెండు గంటలు!" అంది అత్తయ్య, ఇంకా ఎలా చేయాలో తెలియకుండానే.

ఆ సాయంత్రమే నన్ను లాక్కుని వాగు గట్టుకి వెళ్ళింది. సమాధుల మధ్య నిలబడి కొంగు గాలికి ఎత్తి పట్టుకుని, "ఇటు నుంచే, తూర్పు నుంచి. కింద తక్కువ, మోకాలెత్తున ఎక్కువ" అని లెక్క వేసింది. తిరిగొస్తూ బస్టాండు దగ్గర టీ తాగాం. టీ అయిపోయింది, ఆవిడ మట్టి కప్పుని మాత్రం దించడం లేదు. లోపలికి చూస్తోంది. ఒక్కసారిగా నా భుజం మీద చరిచింది.

"ఇందులో సగానికి మైనం పోస్తే? మంట అంచుకి కిందే ఉంటదిగా! గాలి పైనుంచి పోద్ది!"

టీ కొట్టతను మా ఇద్దరినీ అనుమానంగా చూశాడు. పది కప్పులు అడిగి తెచ్చుకున్నాం. ఇంట్లో టేబుల్ ఫాను ముందు పెట్టి వెలిగించాం.

"ఒకటిలో పెట్టు... ఆరలా! రెండులో పెట్టు... ఆరలా! మూడులో పెట్టవే!"

మూడులో మంట పక్కకి ఒరిగి, వణికి, మళ్ళీ లేచి నిలబడింది. అత్తయ్య ఫాను చుట్టూ రెండు చుట్లు తిరిగి చప్పట్లు కొట్టింది. కోటేష్ చేలో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"అమ్మా, బాగానే ఉంది గానీ నా మాట విను. మూడో తారీఖు పత్తి తీత. బ్యారన్ తప్ప పొయ్యడానికి చోటు లేదు. పత్తి పక్కన పొయ్యి వెలిగిస్తావా? నిప్పురవ్వ పడితే ఏడాది కష్టం బూడిదే."

"మరి నా కొవ్వొత్తులో?"

"రెండో తారీఖు దాకా నీది. ఆరోజు అవి నిలబడి, మాస్టారు క్రిస్మస్‌ది కూడా నీకే అంటే బ్యారన్ నీకే. పత్తి సంగతి నేను చూసుకుంటా. నిలబడలేదా, పొయ్యి తీసేయాలి. మళ్ళీ అడగకూడదు."

"రాసిస్తావా?"

"అమ్మకి రాసిచ్చేదేంది?"

"నువ్వు మీ నాన్న కొడుకువిరా, అందుకని" అంది. నేను నవ్వాను గాని ఆవిడ నవ్వలేదు. నలభై ఏళ్ళు చేలో, కల్లంలో, వంటింట్లో అందరి పనీ చేసిన మనిషి. తనదని చెప్పుకోడానికి ఆ ఇటుక గది ఒక్కటే దొరికింది.

అక్టోబరు ఆఖరు వారమంతా ముసురు. వత్తులు ఆరవు. మొదటి మోపు దండెం మీద ఎలాగో ఆరింది. రెండో మోపు తడితడిగా ఉండగానే ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. ఆవిడ పరుగున వెళ్ళి చేతికందిన నీలం పట్ట తెచ్చి, దులిపి, దాని మీద పరిచింది. సాయంత్రానికి గలగలా ఎండాయి. రెండు మోపులూ ఒకే డబ్బాలో వేసింది. మూడు రోజులు పోశాం. ఒకటో తారీఖుకి, కుమ్మరి దగ్గర చేయించి తెచ్చిన ఆరువందల కప్పులూ బ్యారన్ నేల మీద వరసలు తీరి ఉన్నాయి.

రెండో తారీఖు పొద్దున, మసి వస్తుందేమో చూద్దామని ఒక కప్పు నడింట్లోకి తెచ్చి తలుపులేసి వెలిగించాను. నిమిషం గడిచిందో లేదో గొంతులో ఏదో గీరింది. రెండో నిమిషానికి కళ్ళ వెంట నీళ్ళు, ఆగని దగ్గు.

"అత్తయ్యా! ఇందులో ఏదో ఉంది!"

ఆవిడ వచ్చి వంగి, గులాబీ పువ్వు వాసన చూసినట్టు నిండుగా పీల్చింది. "ఏముంది? మైనం వాసనేగా."

కోటేష్‌ని పిలిచాం. తనూ పీల్చాడు. "ఏం లేదు. నీకు జలుబు చేసినట్టుంది."

నేను దగ్గుతూనే ఉన్నాను. అప్పుడు పెరటి గోడకి అవతల నుంచి మరో దగ్గు వినిపించింది. వెనకాలే కోపంగా ఒక గొంతు.

"సుబ్బరావమ్మ గారూ! పొద్దున్నే ఎవరికండీ అన్ని మిరపకాయలు పోసి దిష్టి తీస్తున్నారూ? నా కార్తీకపూజ అంతా దగ్గుతోనే సరిపోయింది!"

ఆవిడ కనకలక్ష్మి గారు, గుడి పూజారి గారి భార్య. నేనూ కోటేష్ పిన్నిగారంటాం.

"దిష్టేంది? కొవ్వొత్తండీ అది!" అని అరవబోయి అత్తయ్య మధ్యలో ఆగిపోయింది. తన అరచేతుల వంక చూసుకుంది. తర్వాత పెరట్లోకి చూసింది. గోడ మీద మడతపెట్టి ఉంది నీలం పట్ట. మార్చిలో కాయ ఆరబోసిన పట్ట.

"దులిపానే" అంది చిన్నగా. "కడగలా."

తడి వత్తులకి ఆ కారం ధూళంతా అంటుకుంది. మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఇల్లంతా ఆ ఘాటులోనే పుట్టి పెరిగిన ముక్కులు.

కాసేపటికి ఆవిడే ఒక దారి వెతికింది. "మన ఊళ్ళో ఎవరికి తెలుస్తదిలే. అందరూ కాయ కోసినోళ్ళేగా."

"ఫాదర్ గారు కేరళ నుంచి వచ్చారు అత్తయ్యా. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి పిల్లలొస్తారు. వాళ్ళ అమ్మానాన్నల సమాధుల దగ్గర కూర్చుని దగ్గుతారా?"

కోటేష్ ఫోను తీశాడు. "అయిపోయింది గదమ్మా. మాస్టారికి చెప్తా, టౌన్లో కొని తెచ్చుకోమని. ఇంకా టైముంది."

"ఫోను జేబులో పెట్టు" అంది. లేచి కొంగు నడుముకి దోపింది. "ఏవి మంచియ్యో, ఏవి ఘాటుయ్యో ఏరదాం."

"ఎట్టా ఏరతావ్? నీ ముక్కుకి తెలియదు, నా ముక్కుకి తెలియదు."

"దీనికి తెలుసుగా!" అని నా ముక్కు చూపించింది. "నువ్వు వెలిగించు. నా కోడలు వాసన చూస్తది."

"ఆరువందలా?" అన్నాను.

గోడ అవతల నుంచి కనకలక్ష్మి గారు అన్నారు. "ఒక్కదాని వల్ల ఏమవుతుంది? ఉండమ్మాయ్, వస్తున్నా."

అలా మొదలైంది. బ్యారన్ తలుపు ఓరగా వేసి, కోటేష్ వరసలో ఒక్కొక్కటీ లైటరుతో వెలిగిస్తూ పోతే, నేనొక పక్కనుంచి, పిన్నిగారొక పక్కనుంచి వంగి పీల్చడం. "మంచిది" అంటే కుడివైపు, దగ్గొస్తే ఎడమవైపు. మాట చెప్పాల్సిన పని లేదు. అత్తయ్య దగ్గు వినగానే కప్పు ఎగరేసుకుపోయేది. వంద అయ్యేసరికి నాకు ఏ వాసనా తెలియడం మానేసింది. పిన్నిగారు ఇంటికెళ్ళి కాఫీపొడి డబ్బా తెచ్చారు. పది కప్పులకోసారి అది వాసన చూసి మళ్ళీ ముక్కులు సిద్ధం చేసుకున్నాం.

"నేను జన్మలో ఒక్క మిరపకాయ కోసిన దాన్ని కాను" అన్నారు పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ. "పుణ్యానికి పోతే ఈ వయసులో నాకిది."

"మీ ముక్కు బంగారం పిన్నీ! గుంటూరు యార్డుకి తీసుకెళ్తే కాయ చూడకుండానే ధర చెప్పేస్తారు!" అన్నాడు కోటేష్. పొద్దున్నించీ తన మొహంలో చిరాకు లేదు. నేనప్పుడే గమనించాను. ప్రతి మంటనీ తల్లి కంటే జాగ్రత్తగా చేయి అడ్డం పెట్టి వెలిగిస్తున్నాడు.

పదకొండున్నరకి తేలింది. ఎడమవైపు రెండువందల పన్నెండు.

మైనం ఇంకో రెండు పలకలు మిగిలింది. కప్పుల్ని వేడినీళ్ళలో పెట్టి ఘాటు మైనం వంచేసి, వత్తి తీసేసి, కొత్తగా పోసుకోవచ్చు. కానీ వత్తి? డబ్బా ఖాళీ. చీరాల వెళ్ళి నూలు తెచ్చేసరికి సాయంత్రం అవుతుంది. కోటేష్ బండి మీద వెళ్ళి బజార్లో కుట్టు దారం ఉండలు తెచ్చాడు. వెలిగిస్తే అది మండకుండా నల్లటి ముద్దై చుక్కలు చుక్కలుగా కారింది. పాలిస్టరు.

"సరే" అంది అత్తయ్య. మొదటిసారి ఆ రోజు గోడకానుకుని కూర్చుంది. బ్యారన్ నాలుగు గోడల వంకా, రేకుల వంకా చూసింది.

కనకలక్ష్మి గారు లేచి వెళ్ళిపోయారు. పూజకి వేళయిందేమో అనుకున్నాను. పది నిమిషాల్లో తిరిగొచ్చారు. చేతిలో వెదురు బుట్ట, దాని మీద తెల్లటి గుడ్డ. గుడ్డ తీస్తే లోపల పాలనురగలాంటి పోగులు, చుట్టలు చుట్టలుగా.

ఆవిడ ఆ ఏడాది లక్షవత్తుల నోము పట్టారు. నిరుటి మా చేల పత్తే, గింజ తీసి, అరచేతిలో నీళ్ళు అద్దుకుంటూ రోజూ పోగు తీసేవారు. కార్తీక పౌర్ణమికి లక్ష వత్తులు వెలిగించాలి.

అత్తయ్య గబగబా చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దండీ. దేవుడి కోసం తీసిన పోగు. ఇవి పోయేది సమాధుల మీదకి."

"వినపడింది నాకు, చెవులు బాగానే ఉన్నాయి. ముక్కే పోయింది" అన్నారు పిన్నిగారు. బుట్ట కింద పెట్టారు. "పౌర్ణమికి ఇంకా ఆరు రోజులుంది. మళ్ళీ తీసుకుంటా. మీరూ మీ కోడలూ వచ్చి కూర్చుని తీయాలి, చెప్తున్నా."

"తీస్తాం. కానీ..."

"మా తమ్ముడు రామం తెలుసుగా మీకు. కరోనాలో పోయాడు. ఆస్పత్రి వాళ్ళే ఎక్కడో దహనం చేశారు. మొహం చూడలేదు. అస్థికలు కూడా ఎవరివో ఏమో." ఆవిడ పోగు ఒకటి వేలికి చుట్టుకుంటూ చెప్పారు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. "వాడికి దీపం పెడదామంటే ఫలానా చోటని లేదు నాకు. అక్కడెక్కడన్నా ఒకటి వాడి పేరున పెట్టండి. ఆ గాలికి ఆరకుండా ఉంటుందంటున్నారుగా."

అత్తయ్య ఆవిడ చేతిలోంచి పోగు తీసుకుంది. మరుక్షణం గొంతు మళ్ళీ పైకి లేచింది. "కోటీ! పొయ్యి వెలిగించు! బిందూ, ఇరవై పోగులు కలిపి పేను, తొడ మీద, గట్టిగా! పన్నెండు కాలేదు ఇంకా!"

వెలిగారంలో నానబెట్టే తీరిక లేదు. పేనిన వత్తుల్ని కరిగిన మైనంలో ముంచి నిటారుగా చేసి కప్పుల్లో నిలబెట్టాం. మేం ముగ్గురం వత్తుల దగ్గర, కోటేష్ మైనం దగ్గర. జన్మలో మొదటిసారి.

"పొర కట్టిందా?"

"ఇంకా లేదు."

"పొర కట్టిందా అంటుంటే!"

"కట్టినప్పుడు చెప్తా, అరవమాకే!"

"పొర కట్టకముందు పోశావంటే నిన్ను కూడా అందులో పోస్తా!"

"కట్టింది, కట్టింది, కట్టింది!" అని తను చిన్నపిల్లాడిలా ఎగిరాడు. "చూడు, పాలమీగడలాగా!"

రెండింటికి పోత అయింది. పళ్ళేల్లో బావినీళ్ళు పోసి కప్పులు అందులో నిలబెట్టాం, త్వరగా గట్టిపడాలని. వంచేసిన ఘాటు మైనాన్ని పారబోయబోతే అత్తయ్య గిన్నె లాక్కుంది. "ఉంచండి. చేని గట్టు మీద అక్కడక్కడా వెలిగిస్తే అడవిపందులు రావు. అదీ ఒక వ్యాపారమే!" పొద్దున ఏడుపు మొహంతో ఉన్న మనిషికి మధ్యాహ్నానికి రెండో వ్యాపారం తట్టింది.

నాలుగింటికి ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, కప్పులు సర్ది, వాగు గట్టుకి చేరాం. సమాధులన్నీ సున్నం కొట్టి, బంతిపూలు చల్లి ఉన్నాయి. కార్లు, ఆటోలు, కొత్త బట్టల పిల్లలు. గాలి అత్తయ్య చెప్పినట్టే తూర్పు నుంచి, చొక్కాలు ఊడదీసేట్టు కొడుతోంది. కొన్ని కుటుంబాలు ముందుజాగ్రత్తగా టౌన్ నుంచి మామూలు కొవ్వొత్తులు కూడా తెచ్చుకున్నాయి. మేం ఇచ్చిన కప్పుల వంక చూసి, "టీ ఏదండీ ఇందులో?" అని నవ్వారు ఒకరిద్దరు.

ఐదున్నరకి ఫాదర్ గారు గంట కొట్టించారు. అందరూ వెలిగించారు. ప్రార్థన మొదలైంది. నేనూ అత్తయ్యా గట్టు మీద నిలబడి చూస్తున్నాం. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగుతున్నాయి.

పది నిమిషాలకి ఒక పెద్ద విసురు వచ్చింది. పూలు లేచిపోయాయి. చీరలు తలల మీదకొచ్చాయి. నిలువు కొవ్వొత్తులన్నీ ఒక్క ఊపుకి ఆరిపోయాయి. మా కప్పుల్లో మంటలు మాత్రం ఒక్కసారి అడుక్కి వంగి, కనపడకుండా పోయి, మళ్ళీ లేచాయి. ఒకటి, పది, వంద. చీకటి పడుతున్న కొద్దీ ఆ గట్టంతా ఎర్రమట్టి వెలుగు.

"ఆరలా" అంది అత్తయ్య గుసగుసగా. "బిందూ, ఆరలా."

అంతలో కింద వరసలో ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. ఏసోబు మాస్టారు అటు నడిచి, వంగి చూసి, తనూ గట్టిగా దగ్గారు. అది జక్రయ్య సమాధి. మిర్చియార్డులో ముప్పై ఏళ్ళు మిరప బస్తాలు, టిక్కీలు మోసిన హమాలీ. సమాధి చుట్టూ పట్నం నుంచి వచ్చిన మనవలు కళ్ళు నులుముకుంటున్నారు. మాస్టారు తలెత్తి మా వైపు చూశారు. ఒకటి తప్పిపోయింది. రెండు ముక్కులు కలిపి ఆరువందలు చూస్తే ఒకటి దాటిపోయింది.

అత్తయ్య గట్టు దిగి ఆయన దగ్గరకి పరుగెత్తింది. నేను వెనకే వెళ్ళాను. ఆవిడ దాచలేదు. "మాస్టారూ, తప్పు నాదే. కాయ ఆరబోసిన పట్ట మీద వత్తులు ఆరేశా. పొద్దున్నించీ ఏరాం, ఇదొకటి మిగిలిపోయినట్టుంది. ఇప్పుడే మారుస్తా."

కప్పు తీయబోతే జక్రయ్య భార్య శాంతమ్మ ఆవిడ చేయి పట్టుకుంది. డెబ్భై దాటిన మనిషి. కప్పు మీదకి వంగి గుండెల నిండా పీల్చింది.

"ఉంచు తల్లీ" అంది. "ఇది మా ఆయన వాసనే. యార్డు నుంచి వచ్చి పక్కన కూర్చుంటే ఇట్టాగే దగ్గొచ్చేది మా అందరికీ. చచ్చి ఆరేళ్ళయినా ఘాటు తగ్గలా చూడు."

మనవలు ముందు నవ్వారు. తర్వాత పక్క సమాధి వాళ్ళు. చివరికి ఫాదర్ గారు కూడా కర్చీఫు అడ్డం పెట్టుకుని నవ్వి, దగ్గి, ప్రార్థన అందుకున్నారు.

అయ్యాక మాస్టారు మా దగ్గరకి వచ్చారు. ఏడున్నర దాటింది, కప్పులింకా వెలుగుతూనే ఉన్నాయి. "సుబ్బరావమ్మ గారూ, క్రిస్మస్‌కి మూడువందలు. నిలువువి, బలిపీఠం మీదకి ఆరు పెద్దవి" అన్నారు. ఆగి, "పట్ట కడగండి" అన్నారు.

కోటేష్ ట్రాక్టరు దగ్గరే నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. అత్తయ్య అటు చూడలేదు. ట్రక్కులో మిగిల్చి పెట్టుకున్న ఒక కప్పు తీసుకుని, ఏ సమాధీ లేని చోట, ప్రహరీ మూలన వేపచెట్టు మొదట్లో పెట్టి వెలిగించింది. "రామం గారూ, మీ అక్క పంపించింది" అంది, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు. మంట నిలబడేదాకా ఉండి వచ్చింది.

మర్నాడు పత్తి తీత. పదిగంటలకి మొదటి ట్రక్కు దొడ్లోకి వచ్చింది, పైదాకా తెల్లగా. అత్తయ్య బ్యారన్ గుమ్మంలో నిలబడి ఉంది. కప్పులు నిలబడ్డాయి, క్రిస్మస్‌దీ వచ్చింది, ఇక మాట నిలబెట్టుకోవాల్సింది కొడుకు. కోటేష్ ట్రక్కుని తిన్నగా బ్యారన్ ముందుకి తెచ్చి ఆపాడు. ఇంజను ఆపలేదు. తల్లి వంక చూశాడు. తర్వాత గేరు మార్చి, వెనక్కి తిప్పుకుని, ఇంటి ముందు వరండా దగ్గరికి పట్టించాడు.

"హాల్లో పొయ్యండ్రా!" అని కూలీలకి కేకేశాడు. "మంచాలు వరండాలో వేద్దాం. నెల రోజులేగా!"

పత్తి బుట్టలు బుట్టలుగా నా హాల్లోకి పడుతోంది. సోఫా పోయింది. కుర్చీలు పోయాయి. అత్తయ్య బ్యారన్ గుమ్మం దిగి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు కొడుకుని ఏదో అంటుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది అనుకున్నాను.

"మెల్లిగారా! నెమ్మదిగా పొయ్యండి! టీవీ మునిగిపోతందిరా సన్నాసుల్లారా!"